యాంటీసీజ్, డైఎలక్ట్రిక్ గ్రీజు: ప్లగ్గుల పనికి ఏది కొనాలి

కారు స్పార్క్ ప్లగ్గులు మారుద్దామని రెండూ ఒకేసారి తెప్పించా, మూతకే బ్రష్షు ఉండే వెండిరంగు యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) సీసా ఒకటి, చిన్న ట్యూబులో డైఎలక్ట్రిక్ గ్రీజు ఒకటి. రెండూ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు గానీ అసలు పొంతనే లేదు, ఒకటి కింద మరలకి, ఇంకోటి ప్లగ్గు పైన తొడిగే రబ్బరు బూటుకి.

యాంటీసీజ్ సరుకుగా చూస్తే బాగానే ఉంది, చిక్కగా ఉంటుంది, కారదు. బ్రష్షు మాత్రం మరీ లావు, ఒకసారి ముంచితే ప్లగ్గుకి కావాల్సినదానికి నాలుగింతలు వస్తుంది, వేళ్లకి అంటిందా ఇక స్టీరింగు, డోరు హ్యాండిలు, చొక్కా అన్నీ వెండిమయం. అయినా నా కంప్లైంట్ అది కాదు, ఇప్పుడొచ్చే మంచి ప్లగ్గులకి ఫ్యాక్టరీలోనే మరల మీద పూత వేసి పంపిస్తున్నారు, పట్టేయకుండా ఉండటానికే ఆ పూత, దాని మీద మళ్లీ ఇదెందుకు? ఎన్‌జీకే వాళ్లైతే తమ ప్లగ్గులకి రాయొద్దనే చెప్తారు. మరలు జారుడుగా ఉంటే టార్క్ రెంచి (టార్క్ అంటే బిగించే బలం, సెట్ చేసినంత రాగానే టిక్ అంటుంది) టిక్ అనేసరికి ప్లగ్గు ఉండాల్సినదానికంటే ఎక్కువ బిగిసిపోయి ఉంటుంది, తేడా 20 శాతం దాకా రావచ్చని వాళ్ల లెక్క. వాషరున్న 14 ఎంఎం ప్లగ్గుకి అల్యూమినియం ఇంజిన్ హెడ్డులో మామూలుగా టార్క్ 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు అంటారు కదా, అది పొడి మరలకి చెప్పిన అంకె. పైగా ఇందులో లోహప్పొడి ఉంటుంది, ఎలక్ట్రోడ్ దగ్గరికి జారిందంటే మిస్‌ఫైర్ (సిలిండరులో ఇంధనం సరిగా అంటుకోకపోవడం) రావచ్చు, కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. పూత లేని నల్ల మరల ప్లగ్గులైతే సరే, చివరి మరలు వదిలేసి పల్చగా రాసి, టార్క్ తగ్గించి బిగించుకోవచ్చు.

గ్రీజు మాత్రం సూపర్. ఇది సిలికాన్ గ్రీజు, కరెంటు పోనివ్వదు, వేడికి కరిగి కారిపోదు. పాత బూట్లు పింగాణీకి అతుక్కుపోయి, మెలితిప్పకుండా లాగితే చిరిగిపోతాయి చూడండి, ఆ గోల తప్పుతుంది, తడి కూడా లోపలికి దూరదు. ఇయర్‌బడ్‌తో బూటు లోపలి అంచు చుట్టూ సన్నగా ఒక్క వరస రాస్తే చాలు, ప్లగ్గుకి కరెంటు అందించే స్ప్రింగు తగిలే చోట పులమక్కర్లేదు. ఎక్కువ కూరితే లోపల గాలి చిక్కుకుని, నొక్కిన బూటు మెల్లగా పైకి లేస్తుంది, మీరేమో కూర్చుందనుకుని బోల్టు వేసేస్తారు. ఇంట్లో ఉన్న బేరింగు గ్రీజు రాద్దామనుకునేవాళ్లు దయచేసి ఆగండి, పెట్రోలియం గ్రీజుకి రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ప్లగ్గుల పనికైతే గ్రీజుకి 5 స్టార్లు, యాంటీసీజ్‌కి 2. ఆ సీసా పారేయలేదులెండి, ఎగ్జాస్ట్ బోల్టులకి వాడుతున్నా, అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వీల్ బోల్టులకి మాత్రం పెట్టను, అక్కడా ఇదే టార్క్ గొడవ.