డెట్రాయిట్ మోటౌన్ మ్యూజియం రివ్యూ: పాటలు తెలీకపోయినా వెళ్ళొచ్చు

డెట్రాయిట్ శివార్లలో నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ట్రాయ్ వైపు ఉండే మనవాళ్ళు ఇండియా నుంచి ఎవరన్నా వస్తే హెన్రీ ఫోర్డ్ మ్యూజియంకో నయాగరాకో తీసుకెళ్తారు గానీ డెట్రాయిట్ సిటీలో మోటౌన్ అనే పాటల రికార్డు కంపెనీ పుట్టి, ఇప్పుడు మ్యూజియం అయిన ఈ ఇంటి వైపు మాత్రం పెద్దగా ఎవరూ రారు. అడిగితే ఆ పాత ఇంగ్లీష్ పాటలు మాకేం తెలుసండీ అంటారు. నాకూ పెద్దగా తెలీవు, అయినా తెగ నచ్చింది, ఎందుకంటే నేను అక్కడ చూసింది పాటల కంటే ఎక్కువగా బెర్రీ గోర్డీ అనే ఆ కంపెనీ ఓనర్ బుర్ర ఎలా పనిచేసిందో.

వెస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద, హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్ దగ్గర్లోనే ఉంటుంది. మామూలు ఇల్లే, ముందు హిట్స్‌విల్ యు.ఎస్.ఎ. అని బోర్డు లేకపోతే దాటి వెళ్ళిపోతాం. 1959లో గోర్డీ కొన్నాడు దీన్ని, అంతకుముందు ఫొటో స్టూడియోగా ఉండేదట. పైన కాపురం, కింద ఆఫీసు, వెనకాల రికార్డింగ్. ఆ స్టూడియో ఎ లోకి దిగగానే అనిపించేది ఒకటే, ఇంత చిన్న గదిలోనా ఇవన్నీ చేశారు అని. రోజుకి 22 గంటలు నడిచేదట. గైడ్ మనల్ని వరసగా నిలబెట్టి అందరి చేతా పాడించి స్టెప్పులేయిస్తారు, సిగ్గుపడే బ్యాచ్ కూడా రెండో లైనుకల్లా కలిసిపోతారు. పైకప్పులో ఒక రంధ్రం ఉంటుంది, అటక మీది గదినే ఎకో కోసం వాడుకున్నారు, దాని కింద నిలబడి చప్పట్లు కొడితే శబ్దం ఎలా మారుతుందో మనకే తెలుస్తుంది. పిల్లలు అక్కడ్నుంచి కదలరు. మోటౌన్ సింగర్ స్టీవీ వండర్‌కి కళ్ళు కనబడవు కదా, ఆయన చేత్తో తడుముకుని తీసుకునేలా క్యాండీ మెషీన్‌లో బేబీ రూత్ చాక్లెట్లు ఎప్పుడూ ఒకే వరసలో పెట్టేవాళ్ళట, ఆ మెషీన్ ఇంకా ఉంది. మైకేల్ జాక్సన్ ఇచ్చిన టోపీ, గ్లవ్ కూడా.

ఇక అసలు విషయం. గోర్డీ ముందు బాక్సర్, తర్వాత కొరియా యుద్ధం టైంలో ఆర్మీ, తిరిగొచ్చి జాజ్ రికార్డుల షాపు పెట్టి దివాలా, ఆ తర్వాత లింకన్ మెర్క్యురీ కార్ల ప్లాంట్‌లో అసెంబ్లీ లైన్ ఉద్యోగం. ఇక్కడ ఆటో కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళకి ఈ ముక్క దగ్గరే లైటు వెలుగుతుంది. ఒక చివర ఉత్త ఫ్రేమ్ వెళ్ళి ఇంకో చివర తళతళలాడే కారు బయటికొస్తుంది కదా, వీధిలో పాడుకునే పిల్లల్ని కూడా అలాగే స్టార్లుగా బయటికి తీస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1959 జనవరిలో ఇంట్లోవాళ్ళ ఉమ్మడి ఫండ్ నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టాడు. పాట రాయడానికి ఒక టీము, వాయించడానికి ఒక టీము, ఎలా నడవాలో ఎలా కూర్చోవాలో నేర్పడానికి మాక్సిన్ పవెల్, స్టెప్పులకి చోలీ ఆట్కిన్స్. చివర్లో అచ్చం ఫ్యాక్టరీలో లాగే క్వాలిటీ కంట్రోల్, శుక్రవారం మీటింగులో అందరూ విని ఓటేయాలి, జేబులో ఉన్న ఆఖరి డాలర్‌తో ఈ రికార్డ్ కొంటావా సాండ్‌విచ్ కొంటావా అనేది ప్రశ్న. నాకైతే ఇప్పుడు మన ఆఫీసుల్లో జరిగే రివ్యూ మీటింగులన్నిటికంటే ఇది నిజాయితీగా అనిపించింది. 1961లోనే మార్వలెట్స్ అనే అమ్మాయిల గ్రూపు పాటతో అమెరికా పాటల చార్టులో నంబర్ వన్ కొట్టారు.

కానీ ఈ మ్యూజియం పెట్టింది 1985లో ఆయన సొంత అక్క ఎస్తర్, కాబట్టి ఇంటివాళ్ళు చెప్పుకునే కథగానే వినాలి, మిగతాది మనం చదువుకుని వెళ్తే మంచిది. ఉదాహరణకి మోటౌన్ సింగర్ మార్విన్ గే పాడిన గ్రేప్‌వైన్ పాటని ఆ క్వాలిటీ మీటింగే పక్కన పడేసింది, చివరికి 1968లో అది బయటికొచ్చి కంపెనీకే పెద్ద హిట్ అయింది. అదే మార్విన్ వాట్స్ గోయింగ్ ఆన్ అనే పాట రికార్డ్ చేస్తే గోర్డీకి మొదట అస్సలు నచ్చలేదు. ఆ గదిలో ఏళ్ళ తరబడి వాయించిన కంపెనీ సొంత బ్యాండు ఫంక్ బ్రదర్స్ పేర్లు 1971లో అదే పేరుతో ఆల్బం వచ్చేదాకా కవర్ల మీద సరిగ్గా పడనే లేదు, జేమ్స్ జేమర్సన్ లాంటి బేస్ ప్లేయర్‌వి కూడా. మన పాత సినిమా క్యాసెట్ల మీద వయొలిన్ వాయించినవాళ్ళ పేర్లు వెతికినట్టే. నాకు అన్నిటికంటే గుచ్చుకునేది ఏంటంటే, వేరే కంపెనీ నుంచి రాయల్టీ కింద మూడు డాలర్ల చిల్లర చెక్కు చూసి ఒళ్ళు మండి సొంత లేబుల్ పెట్టినాయన, తీరా ఓనరయ్యాక తన దగ్గర హిట్ మీద హిట్ రాసిన హాలండ్, డోజియర్, హాలండ్ ముగ్గురితో డబ్బుల దగ్గరే చెడి 1968కల్లా కోర్టుకెళ్ళాడు. 1972లో కంపెనీని లాస్ ఏంజెలెస్ మార్చేస్తే ఇక్కడి వాయిద్యగాళ్ళు చాలామంది ఇక్కడే మిగిలిపోయారు.

అయినా బిజినెస్ తెలివికి మాత్రం దండం పెట్టాలి. 1988లో మోటౌన్‌ని 6.1 కోట్ల డాలర్లకి అమ్మాడు, కానీ పాటల హక్కులున్న జోబీట్ కంపెనీని ఇవ్వలేదు. 1997లో అందులో సగం మాత్రమే ఇ.ఎం.ఐ. అనే మ్యూజిక్ కంపెనీకి అమ్మితే 13.2 కోట్లు వచ్చాయి, అంటే మొత్తం లేబుల్‌కి వచ్చినదానికి రెట్టింపు పైనే. మ్యూజిక్ ఫీల్డ్‌లోకి వెళ్దామనుకునే పిల్లలెవరన్నా ఉంటే ఈ ఒక్క లెక్క చెప్పండి. 2019లో 89 ఏళ్ళకి గానీ రిటైర్ అవుతున్నానని చెప్పలేదు ఆయన.

టూర్ గైడ్‌తోనే, దాదాపు గంట, ఇష్టమొచ్చినట్టు తిరగడం ఉండదు. గదులు చిన్నవి కాబట్టి వీకెండ్ టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, పెద్దవాళ్ళుంటే మెట్ల గురించి ఫోన్ చేసి కనుక్కోండి. అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఫంక్ బ్రదర్స్ కోసం తగ్గించా.