సీటు లేని బండి: సెకండ్ హ్యాండ్ ట్రయల్స్ బైకుల్లో ఏది మేలు?

"సీటు ఎక్కడ పోయిందిరా?" వీడియో కాల్‌లో బండి చూపించగానే మా అమ్మ అడిగిన మొదటి మాట ఇది. నాన్న అడిగింది ఊహించగలరు: "మైలేజ్ ఎంతిస్తుంది?"

ట్రయల్స్ బండి మీద కూర్చోరు, నిలబడతారు. అందుకే సీటు ఉండదు, ఉన్నా పేరుకే. ట్యాంకులో పట్టే పెట్రోలు రెండు, రెండున్నర లీటర్లు. ఇంత వింత బండిని సెకండ్ హ్యాండ్‌లో ఎంచుకోవాలంటే మనకు తెలిసిన లెక్కలేవీ పనికిరావు. ఓడోమీటర్ చూసి కొందామన్నా చాలా బళ్లకి అది ఉండనే ఉండదు.

నేనుండేది ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్‌లో. ఇక్కడ ఆదివారాలు క్లబ్బుల వాళ్లు వాగుల్లో, కొండవాలుల్లో ట్రయల్స్ నడుపుతారు. ఇది స్పీడు పందెం కాదు. రాళ్లు, బురద, చెట్ల వేర్ల మధ్య హద్దులు గీసి దాన్ని సెక్షన్ అంటారు. కాలు నేలకి ఆనకుండా దాటితే సున్నా. ఒకసారి ఆనిస్తే ఒకటి, రెండుసార్లకి రెండు, ఆపైన ఎన్నిసార్లయినా మూడే. పడిపోయినా, హద్దు దాటినా ఐదు. తక్కువ మార్కులొచ్చినవాడే విజేత. బడిలో ఈ పద్ధతి ఉండుంటే క్లాస్ ఫస్ట్ నేనే.

కొత్తగా దిగేవాళ్లు మొదటి ఏడాది కొత్త బండి జోలికి పోవద్దు. వారానికి పదిసార్లు పడేస్తారు. సెకండ్ హ్యాండ్‌లో నేను నెలల తరబడి తూచి చూసినవి మూడు రకాలు: వెనక రెండు షాక్ అబ్జార్బర్లున్న పాతకాలం బండి, బీటా ఎవో లాంటి టూ స్ట్రోక్, మోంటెసా కోటా 4ఆర్‌టీ అనే ఫోర్ స్ట్రోక్.

ముందు పాతవాటి సంగతి చూద్దాం. యమహా టీవై175 చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. 1970ల నాటి బండి, గాలికి చల్లబడే ఇంజిను, రేడియేటర్ గొడవ లేదు. బుల్టాకో షెర్పా అయితే చరిత్రే: 1965లో స్కాట్లండ్‌లో ఆరు రోజుల ట్రయల్‌ని శామీ మిల్లర్ దానిమీదే గెలిచాడు. బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్‌ల రాజ్యం అక్కడితో కదిలిపోయింది. కానీ డ్రమ్ బ్రేకులు వాగులో తడిశాక సెలవు పెట్టేస్తాయి. బరువూ ఎక్కువే. పైగా పాతది కదా, చవకగా వస్తుందిలే అనుకుంటే పొరపాటు. సేకరించి దాచుకునేవాళ్లు ధరలు పెంచేశారు. రెంచీ పట్టుకుని షెడ్డులో గడపడమే సరదా అయితే కొనండి. నేర్చుకోవడానికి మాత్రం వద్దు. బండి మొరాయించిందో, తప్పు మీదో తేల్చుకోలేక సగం ప్రాణం పోతుంది.

అసలు పోటీ ఎవోకి, 4ఆర్‌టీకి మధ్యే.

మోంటెసా పేరు స్పెయిన్‌ది, వెనకున్నది హోండా. 4ఆర్‌టీ 2005 మోడల్‌తో మొదలైంది. కార్బురేటర్ లేదు, బ్యాటరీ లేకుండానే ఫ్యూయల్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. ట్రయల్స్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి ఏటా ప్రపంచ టైటిళ్లు కొడుతున్నది మోంటెసా మీదే. పెట్రోల్లో ఆయిల్ కలిపే పని లేదు, నేరుగా పోసుకుని వెళ్లిపోవచ్చు. పదేళ్లు దాటినా ఇంజిను గట్టిగా ఉంటుందని పేరు. ఆ పేరు వల్లే రీసేల్ ధర దిగదు. అమ్మేటప్పుడు మనకది లాభం, కొనేటప్పుడు చురక.

మరి కొత్తవాళ్లకి? థ్రాటిల్ వదలగానే ఫోర్ స్ట్రోక్ ఇంజిను బండిని వెనక్కి పట్టేస్తుంది. నిటారు దిగుడులో అది ఊరటే. సమమైన బురదలో మెల్లగా తిరిగేటప్పుడు మాత్రం మణికట్టు కాస్త వణికితే బండి ముందుకీ వెనక్కీ తూగుతుంది. నేను నడిపి చూసిన పాత 4ఆర్‌టీలో నన్ను ఇబ్బంది పెట్టింది ఇదే. ఎవో కన్నా ఐదారు కేజీలు బరువు కూడా. కాగితం మీద ఐదు కేజీలు ఏపాటి అనిపిస్తుంది. ఇరవయ్యోసారి వాగులోంచి లేపేటప్పుడు ప్రతి కేజీ పేరుపేరునా పలకరిస్తుంది.

బీటా ఇటలీ కంపెనీ. ఎవో 2009లో వచ్చింది. 70 కేజీలకి అటూ ఇటూ బరువు. మన స్ప్లెండర్ 112 అని గుర్తు చేసుకోండి. టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలుపుకోవాలి. 80కి 1 పాళ్లు అనుకుంటే లీటరుకి పన్నెండున్నర మిల్లీలీటర్లు. రెండుసార్లు కలిపాక టీలో చక్కెర వేసినంత అలవాటైపోతుంది. విప్పి బిగించడం కూడా తేలిక, వాల్వుల సర్దుబాటు అనేదే లేదు.

ఎవోకి ఒక పెంకితనం ఉంది, క్లచ్. కొన్నాళ్లు కదపకుండా ఉంచితే ప్లేట్లు అతుక్కుంటాయి. క్లచ్ పట్టి గేరు వేసినా బండి ఎగిరి దూకుతుంది. స్టార్ట్ చేసేముందే గేరులో వేసి, క్లచ్ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే విడిపోతాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ దూకుడు చూసి భయపడి మంచి బండిని వదులుకోవద్దు. కాకపోతే ధర తగ్గించమనడానికి బాగా పనికొస్తుంది.

గ్యాస్ గ్యాస్ టీఎక్స్‌టీ ప్రో గురించి కూడా అడుగుతారు. స్పెయిన్ బండి, ఈకలా తేలిక, నడపడం వచ్చినవాళ్ల చేతిలో అద్భుతం. నాకు మాత్రం నా తప్పులన్నీ తక్షణం బయటపెట్టే బండిలా అనిపించింది. రెండో బండిగా చూస్తాను.

సీసీ విషయంలో మనవాళ్లు చేసే తప్పు ఎక్కువైతే మంచిదనుకోవడం. 300 ఒక్కసారి తప్పుగా తిప్పితే మనిషి ఇక్కడ, బండి గట్టు మీద. పోనీ 125 తీసుకుందామా అంటే, పెద్ద మనిషి బరువుతో గట్టెక్కాలంటే దాన్ని అరిపించాలి, క్లచ్ నేర్పుగా వాడాలి. అది మొదట్లో రాదు. నా ఓటు 250కే. సన్నగా ఉన్నవాళ్లకి 200 దొరికితే ఇంకా హాయి.

మొత్తానికి నా మొదటి ఎంపిక ఎవో, రెండోది 4ఆర్‌టీ. ఇంత చెప్పినా, బాగా చూసుకున్న రెండో ఎంపిక బండి, అశ్రద్ధ చేసిన మొదటి ఎంపిక కన్నా మేలు. అది కనిపెట్టడానికి నేను ముందుగా చూసేది ఎయిర్ ఫిల్టర్. తీసి చూపించమనండి. శుభ్రంగా, ఆయిల్ పట్టించి ఉంటే ఓనర్ బుద్ధిమంతుడు. లోపల ఇసుక ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. వెళ్లగానే ఇంజిను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లని ఇంజిను ఎలా స్టార్ట్ అవుతుందో మీకు చూపించడం అతనికి ఇష్టం లేదన్నమాట. బండిని పెట్టె మీదికెక్కించి వెనక చక్రాన్ని పైకీ కిందకీ మెల్లగా కదిపి చూడండి. కటకటమంటే లింకేజ్ (వెనక చక్రాన్ని షాక్ అబ్జార్బర్‌కి కలిపే కీళ్లు) బేరింగులు పోయినట్టే. బురద వదిలించడానికి ప్రెషర్ వాషర్ కొడతారు కదా, ఆ నీళ్లు చేరేది అక్కడికే. ఇంజిను కింద రక్షణ పలకకి సొట్టలు సహజం, ఇంజిను కేసింగ్ మీద పగుళ్లు కాదు. ప్లాస్టిక్ గీతలు అసలు లెక్కలోకి తీసుకోవద్దు, మొదటి ఆదివారమే మీరూ నాలుగు గీస్తారు.

కాగితాలు వేరే కథ. ఈ బళ్లలో చాలావాటికి రోడ్డు రిజిస్ట్రేషనే ఉండదు. మన ఆర్‌సీ లాంటి వీ5సీ ఉంటే మంచిదే, కానీ అది కూడా యజమాని ఎవరో రుజువు చెయ్యదు. ఫ్రేమ్ నంబరు చెరిపినట్టు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. రోడ్డు మీద కొంత దూరం నడవాల్సిన ట్రయల్స్‌లో పాల్గొనాలనుంటే రిజిస్టరైన బండే వెతుక్కోండి.

చివరికి నేను 2012 ఎవో 250 తెచ్చుకున్నాను. తళతళలాడే 4ఆర్‌టీ ఒకటి అదే వారం కనబడి టెన్షన్ పెట్టింది, నిజమే. ఇన్ని నీతులు చెబుతున్న నేను కూడా వెనక చక్రం సరిగ్గా కదిపి చూడలేదు. అమ్మినాయన "అన్నీ గ్రీజు పెట్టాను" అన్నాడు. ఇంటికొచ్చి విప్పబోతే లింకేజ్ బోల్టు తుప్పుకి బిగుసుకుపోయింది. సుత్తితో ఒక శనివారం, కొత్త బేరింగ్ కిట్‌తో ఒక ఆదివారం గడిచిపోయాయి.

ఆ తర్వాతి ఆదివారం మొదటి ట్రయల్. పది సెక్షన్లు, నాలుగు రౌండ్లు. అన్నిట్లో పడినా మొత్తం 200. నాకు 118 వచ్చాయి. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి చెబితే, "అంత బాగా చేశావా!" అని పక్కింటావిడని కూడా పిలిచి చెప్పింది.