మూడేళ్లుగా ఒకే వైరు మీద మా ఇంటి కెమెరాలు

కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, చీకట్లో ఎంత దూరం చూస్తుంది, యాప్‌లో ఏమేం ఉన్నాయి అనేవి ఏ షాపుకు పోయినా చెప్తారు కాబట్టి వాటి జోలికి పోను. 2022లో నల్లగొండలో అమ్మానాన్న ఉండే ఇంటికి నాలుగు ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ వైరు మీద నడిచేవి), వాటి బొమ్మలు రికార్డు చేసే డబ్బా, అంటే ఎన్వీఆర్, ఒకటి పెట్టించాను. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటే. కెమెరాకు ఒక్కటే వైరు. ఆ లాన్ వైరులోనే ఎన్వీఆర్‌కు బొమ్మ వస్తుంది, అందులోనే ఎన్వీఆర్ నుంచి కెమెరాకు కరెంటు పోతుంది. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్‌నెట్) అంటారు. నేను రాసేదంతా దాని గురించే.

మా ఇల్లు పానగల్ రోడ్డు వైపు, ఊరి చివర. ఇంటికీ గేటుకూ మధ్య నలభై మీటర్ల దాకా ఖాళీ జాగా ఉంటుంది. అందులో బోరు, కొన్ని బత్తాయి చెట్లు. నేనుండేది హైదరాబాద్‌లో. గేటు దగ్గర వైఫై కెమెరా పెట్టాలంటే అక్కడిదాకా కరెంటు లాగాలి, వాన తగలని డబ్బా పెట్టాలి, అందులో అడాప్టర్ ఉంచాలి. అంతా చేసినా మా రౌటర్ సిగ్నల్ బోరు దాటి పోదు. పీఓఈలో ఈ గోల లేదు. వంద మీటర్ల లోపు దూరమైతే లాన్ వైరు ఒక్కటి లాగితే పని అయిపోతుంది. వైరు చివర పీఓఈ కెమెరా ఉందని నిర్ధారించుకున్నాకే ఎన్వీఆర్‌లో ఆ వైరు గుచ్చిన పోర్టు కరెంటు వదులుతుంది, కాబట్టి పొరపాటున అక్కడ ల్యాప్‌టాప్ పెట్టినా కాలదు. కాకపోతే చవక రకం పాసివ్ పీఓఈ డబ్బాలకు ఈ తెలివి ఉండదు, కొనేటప్పుడు చూసుకోవాలి.

అసలు సుఖం కరెంటు పోయినప్పుడు తెలిసింది. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు సాయంత్రం గాలిదుమారం లేచిందంటే ముందు పోయేది కరెంటే. ఎక్కడైనా స్తంభం ఒరిగితే ఇక తెల్లారేదాకా ఆశ లేదు. ఎన్వీఆర్, రౌటర్, ఫైబర్ బాక్సు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, దాన్ని ఇన్వర్టర్ లైనుకు ఇచ్చాం. అంతే, నాలుగు కెమెరాలకూ బ్యాకప్ వచ్చేసినట్టే. అన్నీ కలిపినా పాత సీలింగ్ ఫ్యాను తినేంత కరెంటు కూడా తినవు. మాది ఫైబర్ లైను కాబట్టి మా వీధిలో కరెంటు లేకపోయినా నెట్ ఉంటుంది. రోడ్డంతా చీకటి, అమ్మ కొవ్వొత్తి వెతుకుతుంటుంది, ఇక్కడ నా ఫోన్లో మాత్రం మా గేటు, దాని ముందు ముడుచుకుని పడుకున్న కుక్క స్పష్టంగా కనిపించేవి.

ఇది చూశాక నాకు కొంచెం పిచ్చి పట్టిన మాట నిజం. ఆఫీసులో ఎవరు ఇల్లు కడుతున్నా ఇదే పాట. మా బావ మిర్యాలగూడలో ఇల్లు కడుతుంటే, ప్లాస్టరింగ్ కాకముందే మూలమూలకూ పైపు వేయించాను. పోలీసులు ‘నేను సైతం’ అని కాలనీల్లో కెమెరాలు పెట్టుకోమంటే, మా వీధిలో సలహా అడిగిన వాళ్లందరికీ చెప్పింది కూడా పీఓఈ గురించే.

చిన్నచిన్న చికాకులు అప్పుడూ ఉండేవి. తొలకరి వానలకు ఉసిళ్లు లేస్తే కెమెరా ఎర్ర లైట్ల చుట్టూ మూగేవి, ఫోన్లో అలర్టుల మీద అలర్టులు. సాలెపురుగు ఒక్కటి గూడు కట్టినా రాత్రి బొమ్మంతా తెల్లటి దారాలే. ఇది అన్ని కెమెరాలకూ ఉండే బాధ. గేటు కెమెరాకు మాత్రం దాని సొంత జబ్బు ఒకటి ఉండేది. పగలంతా బాగానే ఉండి, పొద్దుగూకి రాత్రి లైట్లు వెలిగే వేళకు ఆగిపోయి, మళ్లీ తనంతట తానే లేచేది. పెట్టిన వాళ్లను అడిగితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోమన్నారు. చేశాను. కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదలయ్యేది.

ఇక 2025 మే. సాయంత్రం గాలిదుమారం, ఉరుములు. అమ్మ ఫోన్ చేసింది. “బిడ్డా, చెవులు పగిలేటట్టు పిడుగు పడ్డది. టీవీల గేటు కనిపిస్తలేదు.” యాప్ తెరిచి చూస్తే నాలుగు కెమెరాలూ ఆఫ్‌లైన్. అమ్మ మాట్లాడుతున్నది వైఫై మీదే కాబట్టి నెట్ పోలేదు. ఎన్వీఆర్ దగ్గర లైటు వెలుగుతోందా అని అడిగితే నాన్న పోయి చూసి, ఏదో కాలిన వాసన వస్తోందన్నారు. ప్లగ్గు తీసేయమన్నాను.

పిడుగు మా ఇంటి మీద పడలేదు. రోడ్డవతల చెలకలో ఉన్న తాటిచెట్టు మీద పడింది. నాన్నకు అదే అర్థం కాలేదు. “పిడుగు తాటిచెట్టు మీద పడితే మన డబ్బా ఎట్ల కాలుతదిరా?” అని ఎన్నిసార్లు అడిగారో.

ఎట్లా అంటే, పిడుగు నేరుగా పడనక్కర లేదు. దగ్గర్లో పడ్డప్పుడు వేల ఆంపియర్ల కరెంటు ఒక్క క్షణంలో భూమిలోకి దిగుతుంది. ఆ ఊపుకు చుట్టుపక్కల ఆరుబయట ఉన్న పొడవైన రాగి తీగల్లో వోల్టేజీ పుడుతుంది. పైగా గేటు కెమెరా నేలలో పాతిన ఇనుప పైపుకు బిగించి ఉంది. పిడుగు పడ్డ క్షణంలో అక్కడి నేల వోల్టేజీ వేరు, ఇంటి ఎర్తింగు వోల్టేజీ వేరు. ఆ రెండింటినీ కలుపుతున్నది మా లాన్ వైరు. నెట్‌వర్క్ పోర్టుల లోపలుండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మామూలుగా 1500 వోల్టుల దాకా తట్టుకునేలా చేస్తారు. పిడుగుకు అదెంత? గేటు కెమెరా పోయింది, దాని పోర్టు పోయింది, ఎన్వీఆర్ లోపల కెమెరాలన్నిటికీ కరెంటు పంచే భాగం మొత్తం పోయింది.

దాంతో మిగతా మూడు కెమెరాలు బాగున్నా గుడ్డివైపోయాయి. కరెంటు పోయినప్పుడు అన్నిటినీ ఒక్క చోటి నుంచి బతికించినది ఏదో, అదే ఈసారి అన్నిటినీ ఒక్క చోటి నుంచి చంపింది. ఎన్వీఆర్ చెడిపోతే పనికొస్తాయని కెమెరాల్లో మెమరీ కార్డులు కూడా వేయించి ఉంచాను. కార్డు ఉంది సరే, కెమెరాకు కరెంటెవరిస్తారు? పక్కింటి వాళ్లది బల్బు హోల్డర్‌కు బిగించే వైఫై కెమెరా. కరెంటు రాగానే అది మళ్లీ లేచి కూర్చుంది. మాకు కొత్త డబ్బా వచ్చేదాకా మా గేటు సంగతి చెప్పింది అదే. ఆ ఇంటి అక్క తన ఫోన్లో చూసి అమ్మకు చెప్పేది.

పెట్టిన కంపెనీ వాళ్లకు ఫోన్ చేస్తే వారంటీ అయిపోయిందని, ఉన్నా పిడుగుకు వర్తించదని చెప్పారు. పాతదాని స్థానంలో కొత్త ఎన్వీఆర్ పెట్టి, అదే వైరు గుచ్చి పోతామన్నారు. మళ్లీ మేలో మళ్లీ ఇదే కథ కాదా అంటే జవాబు లేదు. ప్రకాశం బజార్ వైపు తెలిసినాయన ఒకరు ఇంకో కుర్రాణ్ణి పంపారు. ఆ తమ్ముడు ఎన్వీఆర్ మొహం కూడా చూడకుండా నేరుగా గేటు దగ్గరికి నడిచాడు.

కెమెరా వెనక జాయింటు డబ్బా తెరిచి, వైరు చివరి క్లిప్పు కత్తిరించి చేతిలో పెట్టాడు. లోపలి పిన్నుల దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంది. తర్వాత సన్నటి తీగ ఒకటి బయటికి లాగి బ్లేడుతో గీకాడు. పైన ఎర్రటి రాగి రంగు పొట్టులా లేచి, కింద వెండిలా తెల్లగా మెరిసింది. “అన్నా, ఇది రాగి కాదు. అల్యూమినియం మీద రాగి పూత. సీసీఏ అంటరు” అన్నాడు. తీగను రెండు వేళ్ల మధ్య అటూ ఇటూ నాలుగైదుసార్లు వంచేసరికి పుటుక్కున విరిగింది. బాక్సు మీద క్యాట్ సిక్స్ (లాన్ వైరులో ఒక రకం) అనే ఉంటుంది, బిల్లులోనూ అంతే. అసలు రాగి వైరుతో పోలిస్తే ఇది బాగా చవక, అందుకే వేస్తారట.

సాయంత్రాలు కెమెరా ఆగిపోయే జబ్బు గుట్టు అప్పుడు తెలిసింది. నలభై మీటర్లకు వోల్టేజీ పెద్దగా పడిపోదు, దోషమంతా ఆ చివరి క్లిప్పులో ఉంది. అల్యూమినియం తేమకు తుప్పు పట్టి పిన్నుకు సరిగా ఆనడం లేదు. పగలు కెమెరాకు కావల్సిన కొద్ది కరెంటు ఎలాగో అందేది. రాత్రి లైట్లు వెలిగి ఎక్కువ కావాల్సి వచ్చేసరికి చాలక పడిపోయేది. అంత కాలం నేను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు చేస్తూ కూర్చున్నది ఈ తెల్ల పొడి మీద.

కొత్త ఏర్పాటు వేరేలా చేశాం. ఈసారి పీఓఈ లేని ఎన్వీఆర్ కొన్నాం. కరెంటు పంచే పని రెండు చిన్న పీఓఈ స్విచ్చులది (లైటు స్విచ్చులు కావు, లాన్ వైర్లు గుచ్చే డబ్బాలు). ఇంటి గోడలకున్న కెమెరాలు ఒక దాని మీద, గేటు కెమెరా, బోరు దగ్గరి కెమెరా రెండోదాని మీద. బయటికి పోయే రెండు వైర్లకూ రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్లు, అంటే ఒక్కసారిగా వచ్చే ఎక్కువ వోల్టేజీని ఎర్తింగులోకి మళ్లించేవి. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది. బయటి స్విచ్చుకూ ఎన్వీఆర్‌కూ మధ్య రాగి వైరు లేదు. రాగి వైరులో వచ్చేదాన్ని వెలుగుగా, వెలుగును మళ్లీ వెనక్కి మార్చే మీడియా కన్వర్టర్లు రెండు పెట్టి, వాటి మధ్య మీటరు పొడవు ఫైబర్ ముక్క కలిపాడు. గాజులోంచి కరెంటు పోదు. గేటు వైరు మీదుగా పిడుగు దెబ్బ వచ్చినా బయటి స్విచ్చు దగ్గరే ఆగాలి, ఎన్వీఆర్ దాకా ఆ దారిన రాకూడదు.

సర్జ్ ప్రొటెక్టర్ పనిచేయాలంటే ఎర్తింగు బాగుండాలి, లేకపోతే అది గోడకు బిగించిన ఖాళీ డబ్బా కిందే లెక్క. మా ఇంటి పాత ఎర్తింగు గుంత ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోయి ఉంది. కొత్తది తవ్వబోతే మూడడుగులకే బండ. నల్లగొండలో ఇల్లు కట్టిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. చివరికి బత్తాయి చెట్ల పాదుల పక్కన, ఎప్పుడూ తడి ఉండే చోట రాడ్డు దిగింది. చుట్టూ తేమ పట్టి ఉంచే పొడి పోశారు. కొత్త ఎర్తింగును పాతదానితో పట్టీ వేసి కలిపాడు. రెండూ విడిగా ఉంటే పిడుగు పడ్డప్పుడు వాటి మధ్యే వోల్టేజీ తేడా వస్తుందట, అది ఇంకా ప్రమాదం.

పాత హార్డ్ డిస్క్ బతికింది. ఎన్వీఆర్ అదే కంపెనీది కావడంతో పాత రికార్డింగ్ కూడా కనిపించింది. చివరి నిమిషాలు తిప్పి చూశాను. దుమ్ము లేవడం, బత్తాయి కొమ్మలు నేలకు వంగడం, కుక్క లేచి షెడ్డు కిందికి పరుగెత్తడం, తర్వాత గేటంతా తెల్లబడిన ఒక్క ఫ్రేము. ఆ పైన ఏమీ లేదు.

గేటు కెమెరాకు మాత్రం పాత మోడల్ దొరకలేదు. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు ప్రభుత్వం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ నిబంధనతో పాత మోడళ్లు రావడం లేదని షాపాయన అన్నాడు. వేరే కంపెనీది పెట్టాల్సి వచ్చింది. వేర్వేరు కంపెనీల కెమెరాలు, ఎన్వీఆర్‌లు కలిసి పనిచేసే ఉమ్మడి పద్ధతి ఓఎన్‌వీఐఎఫ్ ఉంది కాబట్టి బొమ్మ ఎన్వీఆర్‌లోకి వస్తోంది, రికార్డు కూడా అవుతోంది. మనిషొస్తేనే అలర్టు ఇచ్చే సౌకర్యం మాత్రం దానికి ఎన్వీఆర్ ద్వారా పనిచేయడం లేదు. గేటుకే అది అవసరం, గేటుకే లేదు.

ఖర్చు మొదట పెట్టినదానిలో సగం దాకా అయింది. ఒకటే వైరని మురిసిన వాడి టీవీ వెనక ఇప్పుడు ఎన్వీఆర్‌కు, రెండు స్విచ్చులకు, రెండు కన్వర్టర్లకు, రౌటర్‌కు, ఫైబర్ బాక్సుకు కలిపి ఏడు అడాప్టర్లు ఉన్నాయి. గేటు దాకా పోయేది ఒకటే వైరు, ఈసారి అసలు రాగి.

పోతే, నాన్నకు ఈ ఏర్పాట్ల మీద నమ్మకం కుదరలేదు. ఉరుము వినిపిస్తే చాలు, లేచి పోయి గేటు వైరు పీకేస్తారు. నిజానికి అంతకంటే గట్టి రక్షణ లేదు కాబట్టి నేనేమీ అనలేను. కానీ గాలిదుమారంలో కరెంటు పోయినప్పుడు గేటు చూసుకోవచ్చని పెట్టించిన కెమెరా, సరిగ్గా ఆ గంటే కనిపించదు. తెల్లారి ఫోన్ చేసి “నాన్నా, వైరు పెట్టిండ్రా?” అని గుర్తు చేయాలి.

మీరు ఫ్లాటులో ఉంటే, కెమెరాలన్నీ గోడల లోపలే ఉంటే ఇదంతా మీకు అక్కర్లేదు, పీఓఈ హాయిగా పెట్టుకోండి. కెమెరా ఒకటో రెండో చాలనుకుంటే పక్కింటి వాళ్ల బల్బు కెమెరాను చిన్నచూపు చూడొద్దు. మాలా గేటు దూరంగా ఉండి, చుట్టూ తాటిచెట్లున్న ఇల్లయితే నేను ఇప్పటికీ పీఓఈయే అంటాను. కాకపోతే వైరు వేసే రోజున ఒక ముక్క అడిగి బ్లేడుతో గీకి చూడండి, ఎర్తింగు లెక్క కూడా అదే రోజు తేల్చుకోండి. ఫైబర్ ముక్క ఉపాయం నిజంగా కాపాడుతుందో లేదో మాత్రం హామీ ఇవ్వలేను. మార్చాక మా దగ్గర్లో మళ్లీ పిడుగు పడలేదు.

ఇంటి గోడల మీద కెమెరాలకు ఇంకా ఆ పాత సీసీఏ వైరే ఉంది. నడుస్తున్నదాన్ని కదిలించొద్దని నాన్న అంటున్నారు. సంక్రాంతికి పోయినప్పుడు మళ్లీ అడిగి చూస్తాను.