నల్లగొండ అని కొట్టి చూశాకే కొన్న ల్యాప్‌టాప్: దాదాపు నాలుగేళ్ల వాడకం తర్వాత

నేను నల్లగొండలో ఉంటూ ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. రోజుకు ఆరేడు గంటలు కీబోర్డు మీదే గడుస్తాయి, వారానికి ఒకటి రెండు సార్లు ప్రూఫుల పని మీద హైదరాబాదు వెళ్లి రావాలి. పాత ల్యాప్‌టాప్ మొరాయించడంతో 2022 జనవరిలో సెకండ్‌హ్యాండులో లెనోవో కంపెనీ థింక్‌ప్యాడ్ టి480 ఒకటి 24 వేలకు కొన్నాను. అప్పటి నుంచి నా పనంతా దాని మీదే జరుగుతోంది. ల్యాప్‌టాపుల గురించి మాట్లాడేవాళ్లు ప్రాసెసరు వేగం, తెర మెరుపు చెప్తారు గానీ, రోజంతా తెలుగు కొట్టేవాళ్ల వేళ్లకు ఏది నప్పుతుందో చెప్పినవాళ్లు నాకు తారసపడలేదు. అందుకే ఈ సమీక్షలో ప్రధానంగా ఆ సంగతే రాస్తున్నాను.

పాతది 15.6 అంగుళాలది. బరువు 2 కిలోల 200 గ్రాములు, చార్జరు అదనం. మూడో ఏటికే దాని కీబోర్డులో ‘ట’ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. ‘పాట’ అని కొడితే ‘పాటట’ అయ్యేది. పేజీకి పది పదిహేను చోట్ల వెనక్కి వెళ్లి చెరపడమంటే అనువాదకులకు అది సమయం పోవడమే కాదు, ఆలోచన తెగిపోవడం కూడా. బాగుచేసే షాపుకు తీసుకెళ్తే, ఆ మోడలులో కీబోర్డును పై అట్టకే రివెట్లతో బిగించారని, కీబోర్డు కావాలంటే పై భాగమంతా మార్చాల్సిందేనని చెప్పారు. ఆ ఖర్చు వింటే దాన్ని వదిలేయడమే మేలనిపించింది.

దానితో ఇంకో ఇబ్బంది ఉండేదని కొత్తది వాడటం మొదలుపెట్టాకే గ్రహించాను. పాత కీబోర్డుకు కుడివైపు అంకెల కీలు విడిగా ఉండేవి. లెక్కలు రాసేవాళ్లకు అవి అవసరమే. కానీ వాటివల్ల అక్షరాల భాగమంతా ఎడమకు జరుగుతుంది, తెర మాత్రం మధ్యలోనే ఉంటుంది. చేతులు ఒక దిక్కు, చూపు ఇంకో దిక్కు పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే నడుము పైభాగం కొద్దిగా మెలిపడి ఉంటుంది. సాయంత్రానికి కుడి భుజం కింద పట్టేసినట్టు ఉండటాన్ని నేను చాలాకాలం కుర్చీ లోపమనుకున్నాను. అంకెల కీలు లేని 14 అంగుళాల ల్యాప్‌టాపుకు మారిన నెల రోజుల్లో ఆ నొప్పి తగ్గింది. కుర్చీ మాత్రం పాతదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కొడతాను. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ప్రకటించిన అమరిక అది, విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే వచ్చేది కూడా అదే. అందులో గుణింతపు గుర్తులు ఎక్కువగా ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ఈ అమరికలో చ, జ, ట, డ నాలుగూ కుడిచేతి చిటికెన వేలి వాటాకు వచ్చాయి. ఇంగ్లిషులో సెమికోలన్ ఉండే కీ మీద ‘చ’, దాని పక్కన కొటేషన్ గుర్తు కీ మీద ‘ట’, పై వరసలో ‘పి’ మీద ‘జ’, దానికి ఆనుకున్న చదరపు బ్రాకెట్ కీ మీద ‘డ’ ఉంటాయి. ఇంగ్లిషు కొట్టేవాళ్లు చదరపు బ్రాకెట్‌ను నెలకొకసారి కూడా ముట్టకపోవచ్చు. మనకు అది ఎండలో, నీడలో, వాడు అన్న మాటలో, వీడు అన్న మాటలో, ప్రతి వాక్యంలో కావాలి. చిన్న ల్యాప్‌టాపులు చేసేవాళ్లు స్థలం కలిసి రావడానికి ముందుగా సన్నం చేసేది సరిగ్గా ఈ కుడి అంచు కీలనే.

ఎడమ అంచున ఇంకొకటి ఉంది. ఎస్కేప్ కీ కింద, ఒకటో అంకె పక్కన ఉండే కీ మీద ‘ొ’ గుర్తు ఉంటుంది. కొన్ని చిన్న మోడళ్లలో ఆ కీ సగానికి కుదించి ఉంటుంది, కొన్నింటిలో వేరే చోటికి పోతుంది. నల్లగొండ అనే మాట కొట్టాలంటే ఎడమచేతి చిటికెన వేలు ఆ పై మూల దాకా వెళ్లి రావాలి, సున్న పడగానే కుడిచేతి చిటికెన వేలు ‘డ’ కోసం ఆ చివరకు చాచుకోవాలి. మా ఊరి పేరు కీబోర్డు రెండు అంచులనూ తాకి వస్తుంది. దేవరకొండ, గోల్కొండ కూడా అంతే. ఫోనులో లాగా ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ఈ బాధ ఉండదు కాబట్టి, వాళ్లు ఈ భాగాన్ని పట్టించుకోనక్కర లేదు.

ఇదంతా ముందే తెలిసి కాదు, పాత ల్యాప్‌టాపుతో పడిన పాట్ల వల్ల ఆలోచించి, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లేటప్పుడు ఒక వాక్యం కాగితం మీద రాసుకుని పోయాను. ‘ఎండ తగ్గినంక చెట్టు కింద జొన్నగట్క, పచ్చిపులుసు పెట్టింది’ అన్నది ఆ వాక్యం. ఇందులో కుడి చిటికెన వేలికి పది దెబ్బలు పడతాయి, పొల్లు ఆరుసార్లు వస్తుంది, ఎడమ మూలలోని ‘ొ’ ఒకసారి వస్తుంది. దాని కింద నల్లగొండ అని పదిసార్లు కొట్టాలనుకున్నాను.

షాపులో అబ్బాయి ముందుగా చేతిలో పెట్టింది చాలా పలుచని 13 అంగుళాల ల్యాప్‌టాప్. “అక్కా, గిది కిలోనే ఉంటది, సంచిల ఏస్కుంటే ఉన్నట్టే తెల్వది” అన్నాడు. నిజంగానే తెలియలేదు. బస్సు ప్రయాణాలు గుర్తొచ్చి మనసంతా దాని మీదికే పోయింది. “ఒక్క నిమిషం తమ్మీ, తెలుగు పెట్టి కొట్టి చూస్తా” అని సెట్టింగులలో తెలుగు చేర్చి నా వాక్యం మొదలుపెట్టాను. కీలు నొక్కితే దిగినట్టే లేదు, బల్ల మీద వేళ్లతో తట్టినట్టుంది. ‘డ’ ఉండాల్సిన కీ మిగిలిన వాటిలో సగం వెడల్పే ఉంది. పది నల్లగొండలలో నాలుగింటికి ‘డ’ బదులు పక్క కీ పడింది. అలవాటైతే సర్దుకుంటుందని ఆ అబ్బాయి అన్నాడు గానీ, రోజుకు వేలసార్లు వేలిని కుదించుకోవడం నేర్చుకోవడం నాకు సర్దుబాటు అనిపించలేదు. దాన్ని వదులుకోవడానికి కొంచెం కష్టమే అయింది.

ఆ తర్వాత తీసిందే టి480. 2018లో వచ్చిన మోడలు, ఏదో కంపెనీలో మూడు నాలుగేళ్లు పనిచేసి వచ్చినది. వాక్యం మొదటిసారే తప్పు లేకుండా పడింది. కీ నొక్కితే సుమారు 1.8 మిల్లీమీటర్ల లోతు దిగుతుంది, అడుగున ఆగినట్టు వేలికి స్పష్టంగా తెలుస్తుంది. ప్రతి కీ నడుమ కొద్దిగా పల్లంగా, కింది అంచు వంపుగా ఉండటం వల్ల చూడకుండా వేలు పెట్టినా మధ్యలోనే కూర్చుంటుంది. కుడి అంచు కీలలో ‘ట’, ‘డ’ రెండూ పూర్తి వెడల్పులో ఉన్నాయి, ఎడమ మూలలోని ‘ొ’ తన చోటనే ఉంది. అలవాటు చేసుకోవాల్సింది ఒక్కటే కనిపించింది. ఎడమ కింది మూలలో కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్. కీ ఉంటుంది. విండోస్ మొదలవక ముందే తెరుచుకునే బయాస్ సెట్టింగులలో ఆ రెంటినీ తారుమారు చేసుకునే వీలుంది కాబట్టి మొదటి రోజే మార్చుకున్నాను.

జి, హెచ్, బి కీల నడుమ, అంటే మన లెక్కలో కొమ్ము, ప, వ నడుమ, ఒక ఎర్రని బొడిపె ఉంటుంది. 1992లో ఐబీఎం మొదటి థింక్‌ప్యాడులను తెచ్చినప్పటి నుంచీ ఉన్న గుర్తు అది. ఐబీఎం పీసీ వ్యాపారం 2005లో లెనోవో చేతికి వచ్చాక కూడా దాన్ని తీసెయ్యలేదు. మొదటి వారం నేను దాన్ని ముట్టనే లేదు. ఇప్పుడు టచ్‌ప్యాడు వాడటం దాదాపు మానేశాను. మూల పాఠంలో ఒక మాట మీదికి పోయి మళ్లీ తెలుగులోకి రావడానికి చేతులు తమ వరస వదలకుండా చూపుడువేలితో బొడిపెను కొద్దిగా తోస్తే చాలు. కుదుపుల బస్సులో టచ్‌ప్యాడు మీద వేలు జారిపోతుంది, బొడిపె మీద జారదు.

బస్సు సంగతి వచ్చింది కాబట్టి మోత గురించి చెప్తాను. నల్లగొండ నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా రెండున్నర గంటలు పడుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సులలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక నాకు టికెట్టు ఖర్చు మిగిలింది, ఎందరో ఆడవాళ్లు బయటి పనులకు ధైర్యంగా బయలుదేరుతున్నారు, అది నాకు సంతోషమే. సహజంగానే బస్సులు నిండుగా ఉంటున్నాయి. ముగ్గురి సీటులో నడుమ కూర్చుని 38 సెంటీమీటర్ల వెడల్పున్న పాత ల్యాప్‌టాపును తెరిస్తే రెండువైపులా పక్కవాళ్ల మోచేతులకు తగిలేది. ఇది 34 సెంటీమీటర్ల లోపే. ఆ నాలుగు సెంటీమీటర్ల తేడాతోనే నేను చౌటుప్పల్ దాకా పని చేసుకోగలుగుతున్నాను.

బరువు మాత్రం ప్రకటనలో చూసిన అంకెను నమ్ముకుని కొనకూడదు. ఈ మోడలు 1.58 కిలోల నుంచి మొదలవుతుందంటారు, అది చిన్న బ్యాటరీతో. నేను వేసుకున్నది 72 వాట్ అవర్ల పెద్ద బ్యాటరీ. మా వీధి కిరాణా కొట్టు కాంటా మీద పెడితే 1 కిలో 800 గ్రాముల పైన తూగింది. పెద్ద బ్యాటరీ అడుగున ఉబ్బుగా ఉండి వెనుక భాగాన్ని కాస్త పైకి లేపుతుంది. బల్ల మీద కొట్టేటప్పుడు ఆ వాలు నా మణికట్టుకు నప్పింది. సంచిలో మాత్రం ఆ ఉబ్బు పుస్తకాలతో ఒరుసుకుంటుంది. ఇందులో 24 వాట్ అవర్ల బ్యాటరీ ఇంకొకటి లోపలే ఉంటుంది కాబట్టి, వెనుకదాన్ని తీసి ఇంకొకటి పెట్టుకునే లోపు పని ఆగదు. వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోయిన రోజుల్లో ఈ ఏర్పాటు ఎంత ఆదుకుందో చెప్పలేను. చార్జింగు టైప్-సి తీగతో ఎక్కుతుంది కాబట్టి ఫోనుకూ దీనికీ కలిపి 65 వాట్ల చార్జరు ఒక్కటే సంచిలో వేసుకుంటున్నాను. పాత చార్జరు ఇటుకంత మోత అలా తగ్గింది.

ఒక్క జాగ్రత్త. గాలి అడుగు నుంచి లోపలికి పోతుంది కాబట్టి ఒడిలో చీర మీదో, మంచం మీదో నేరుగా పెడితే దారి మూసుకుంటుంది. మే నెలలో మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడికి ఇది తోడైతే చేతుల కింద భరించలేం. మా అమ్మాయి పరీక్ష అట్ట ఒకటి తెచ్చుకుని దాని మీద పెట్టుకుంటున్నాను. ఆ అట్ట ఇప్పుడు సంచిలోనే ఉంటుంది.

నేను తొందరపడింది తెర విషయంలో. ఈ మోడలు రెండు మూడు రకాల తెరలతో వచ్చింది. కీబోర్డు దొరికిన సంబరంలో 1366×768 పిక్సెళ్ల తెర ఉన్నది తీసుకున్నాను. ఇంగ్లిషుకు అది సరిపోవచ్చు. తెలుగులో అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము అంత చోటులోనే ఇమడాలి. చిన్న సైజులో ‘ప’కూ ‘ష’కూ తేడా, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కళ్లు చికిలించి చూస్తే గానీ తెలిసేది కాదు. ఒకసారి ప్రూఫులో ‘తిరిగి’ అని ఉండాల్సింది ‘తీరిగి’ అని మూడు చోట్ల పోయింది. ఆ వారమే 1920×1080 తెర వేయించుకున్నాను. అచ్చుతప్పులు చూసే పని ఉన్నవాళ్లు కీబోర్డు తర్వాత చూడాల్సింది తెరలోని పిక్సెళ్లే.

ఇప్పుడు కొనేవాళ్లు ఇంకొకటి గమనించాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసరు ఉన్న టి480కి విండోస్ 11 అర్హత ఉంది. దానికి ముందటి ఏడాది టి470 కీబోర్డు కూడా ఇంత బాగానే ఉంటుంది, ధర తక్కువ చెప్తారు, కానీ అందులోవి ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లు కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు.

నాలుగేళ్ల తర్వాత ‘డి’ కీ మీది ఇంగ్లిషు అక్షరం పూర్తిగా చెరిగిపోయింది. మన పొల్లు ఉండేది దాని మీదే. చుట్టూ ఉన్న ఎస్, ఎఫ్ గరుకుగానే ఉన్నాయి, ఇది మాత్రం వేలు పెడితే నున్నగా తగులుతుంది. కీ పని మాత్రం మానలేదు. ఈ మోడలులో కీబోర్డు ఒక్కదాన్నే విడిగా మార్చుకోవచ్చు కాబట్టి, వెలుగు వచ్చే కీబోర్డు ఒకటి తెప్పించి బీరువాలో పెట్టుకున్నాను. ఏ అక్షరమైనా రెండుసార్లు పడిన రోజున దాన్ని బయటికి తీస్తాను. వెనుక బ్యాటరీ వయసు మీరి, హైదరాబాదు చేరే లోపే మూడొంతులు దిగుతోంది. వేసవి రాకముందే ఇంకొకటి కొనాలి.