చెరువు చేపలకు ఏ లూరు కొనాలి: ఏడేళ్లు వాడాక నా రివ్యూ

ఒకప్పుడు నా డబ్బాలో నలభై దాకా లూర్లు, అంటే చేపను మోసం చేసే ఉత్తుత్తి ఎరలు, ఉండేవి. ఇప్పుడు చెరువుకు పోయేటప్పుడు చొక్కా జేబులో పట్టేన్ని తీసుకుపోతున్నా: రెండు రబ్బరు కప్పలు, రెండు చెంచాలు, మూడు నాలుగు చిన్న స్పిన్నర్లు, అంతే. మిగతావన్నీ అటకెక్కాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నాలాగా డబ్బులు తగలేసుకోకూడదని ఇది రాస్తున్నా. నేను గాలం వేసేది ఎక్కువగా కరీంనగర్ వైపు ఊరి చెరువుల్లో, ఏడాదికి నాలుగైదుసార్లు లోయర్ మానేరు బ్యాక్‌వాటర్ దగ్గర. ఈ రాసేదంతా ఆ నీళ్ల సంగతే, సముద్రం గురించి నన్ను అడగొద్దు.

లూరు కొనే ముందు మీ చెరువులో ఏ చేప ఉందో కనుక్కోండి. ఇది ఎవరూ చెప్పరు, అమ్మేవాడు అసలే చెప్పడు. మన చెరువుల్లో ఎక్కువగా ఉండేవి బొచ్చె, రవ్వ, బంగారు తీగ, ఎర్రమోసు. 2016 తర్వాత తెలంగాణలో సర్కారు ఉచితంగా వదులుతున్న పిల్లల్లో కూడా ఎక్కువ ఇవే. బొచ్చె నీళ్ల పైభాగంలో సన్నటి జీవుల్ని వడకట్టుకుని తింటుంది, రవ్వ మధ్యలో మేస్తుంది, మోసు అడుగున బురద వెతుక్కుంటుంది. వీటిలో ఏదీ పారిపోయే చేపపిల్ల వెంట పడి తినేది కాదు, కాబట్టి మీరు ఎంత ఖరీదైన లూరు విసిరినా అవి పట్టించుకోవు. మొదటి ఏడాది నేను మూడు నెలలు బొచ్చె కోసం ఆరొందలు పెట్టి కొన్న ప్లాస్టిక్ చేపపిల్ల విసిరాను. నా పక్కన ఎనిమిదో తరగతి పిల్లగాడు తవుడూ పల్లిచెక్కా కలిపి ముద్దచేసి గాలానికి పెట్టి పొద్దున్నే రెండు కొట్టుకుని బడికి పోయేవాడు. ఎప్పుడైనా లూరుకు బొచ్చె వచ్చిందంటే నోటితో కాదు, వీపుకో పక్కకో గాలం తగులుకుని వచ్చిందన్నమాట, దాన్ని గొప్పగా చెప్పుకోకండి.

లూరు పనికొచ్చేది వేటాడి తినే చేపకే. మన దగ్గర అంటే కొర్రమీను (మావైపు కొర్రమట్ట), దాని చిన్న చుట్టం మట్టగిడస, వాలుగ, ఇంకా ఎవరూ ఊహించని తిలాపియా. జెల్లలు కూడా అప్పుడప్పుడూ రబ్బరు ముక్కకు పడతాయి గానీ వాటికి వానపామే మేలు, పైగా వాటి రెక్కముల్లు ఒకసారి గుచ్చుకుంటే మీకు ఆ రోజు వేట బంద్.

ఇక రబ్బరు కప్ప. ఒక్కటే కొనమంటే ఇదే కొనండి. లోపల బోలుగా ఉంటుంది, పది నుంచి పద్నాలుగు గ్రాముల బరువు, వెనక జత గాలం రెండు ముళ్లూ పైకి తిరిగి కప్ప వీపుకు అతుక్కుని ఉంటాయి. చేప కొరికితే రబ్బరు లోపలికి నొక్కుకుపోయి ముళ్లు బయటికొస్తాయి, కొరకనంతవరకు ముళ్లు దాగే ఉంటాయి కాబట్టి గుర్రపు డెక్క మీద, తుంగలో, తామరాకుల మీద ఎక్కడ ఈడ్చినా చిక్కుకోదు. కొర్రమీను ఉండేది సరిగ్గా అలాంటి చోట్లే. దానికి గాలి పీల్చడానికి పైకి రావాల్సిన అవసరం ఉంది, పొద్దున పూట కట్ట మీద కదలకుండా కూర్చుంటే ఆకుల సందున గుబుక్కుమని చప్పుడు వినిపిస్తుంది, చిన్న సుడి లేస్తుంది. అక్కడుందని లెక్క. దాని నెత్తిన కాదు, నాలుగడుగులు దాటించి ఆకు మీద పడేయాలి, మెల్లగా లాగి ఆకుల మధ్య సందులోకి జారవిడవాలి, ఆపాలి. ఆ ఆపడమే ముఖ్యం. నేను మొదట్లో గబగబా చుట్టేసేవాణ్ణి, మన రాష్ట్ర చేప కొర్రమీను నా కప్పను ఖాతరు చేసేది కాదు.

రెండో ఏడాది సద్దుల బతుకమ్మ అయిన మూడో రోజు అనుకుంటా. చెరువు ఒడ్డంతా గునుగు పూలూ తంగేడు పూలూ తేలుతున్నాయి, విసిరిన ప్రతిసారీ దారానికి చుట్టుకుని వస్తున్నాయి. మత్స్యకారుల సంఘంలో ఒక తాత ఉండేవాడు, పొడుగాటి వెదురు కర్రకు తంగుసు (నైలాన్ దారం) కట్టి బతికున్న కప్పను గాలానికి గుచ్చి నీళ్ల మీద తపతపలాడించేవాడు, అదే ఆయన ఎర. నా రబ్బరు కప్పను చూసి ముందే నవ్వాడు. నేను విసిరాను, పూల మధ్యకు వచ్చింది, ఆపాను, నీళ్లు ఒక్కసారి ఢప్పుమని పేలినట్టు లేచాయి. నేను ఉలిక్కిపడి రాడ్డు లాగేశాను. కప్ప నా చెవి పక్కనుంచి దూసుకుపోయి వెనక తుమ్మకొమ్మకు తగులుకుంది. తాత తాపీగా బీడీ తీసి, "ఎందుకు గుంజుతున్నవ్ బిడ్డా? అది ఇంక నోట్లనే వెట్టుకున్నది, మింగలే. కొమురెల్లి మల్లన్నా అని ఒక్కసారి మనసుల అనుకో, గప్పుడు గుంజు" అన్నాడు.

ఇప్పటికీ అంతే చేస్తున్నా. చప్పుడు వినగానే చేతులు లాగెయ్యమంటాయి, కొమురెల్లి మల్లన్నా అనుకునేలోపు దారం పక్కకు జరగడం మొదలవుతుంది, అప్పుడు గట్టిగా కొడితే ముల్లు దిగుతుంది. అంతకుముందు పది దాడుల్లో ఎనిమిది పోయేవి, ఇప్పుడు సగానికి సగం చేతికొస్తున్నాయి. సగం పోతున్నాయనే కదా అనొచ్చు, కప్పకు అంతే, ముళ్లు దాచిన గాలానికి అది తప్పదు.

కొత్త కప్పను డబ్బాలోంచి తీసి అలాగే వాడకండి. కాళ్ల కుచ్చులు మరీ పొడుగ్గా ఇస్తారు, చేప కాళ్లు పట్టుకుని వదిలేస్తుంది, కాబట్టి మూడోవంతు కత్తిరించండి, ఒక కాలు ఇంకొంచెం పొట్టిగా ఉంటే లాగినప్పుడు అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. ముళ్లను పట్టకారుతో వెంట్రుకవాసి పైకి లేపండి. గాలం దూర్చిన రంధ్రంలోంచి లోపలికి నీళ్లు పోతాయి, ప్రతి పది విసుర్లకు ఒకసారి పొట్ట నొక్కి పిండెయ్యాలి, లేకపోతే మునిగిపోతుంది. నాలుగైదు చేపలు పట్టాక కడుపు దగ్గర అతుకు ఊడుతుంది, ఆరబెట్టి ఫెవిక్విక్ వేస్తే ఇంకో నెల వస్తుంది. నూట యాభై నుంచి రెండొందల యాభై రూపాయల్లో దొరికేవే వాడాను, అంతకంటే ఖరీదైనది ఒక్కటి కొన్నాను, తేడా ఏమిటంటే ముల్లు పదును, అది ఆకురాయితో మనమూ చెయ్యగలం.

రంగు గురించి అందరూ గొడవపడతారు. నాకు తెలిసింది చెప్తా: చేప కింద నుంచి పైకి చూస్తుంది, దానికి కనిపించేది ఆకాశం మీద ఒక నల్లటి ఆకారం. చీకటితోనే, సాయంత్రం, వాన తర్వాత ఎర్రనీళ్లప్పుడు నల్ల కప్ప. ఎండ బాగా ఉండి నీళ్లు తేటగా ఉంటే తెల్లది. ఆకుపచ్చదీ, కళ్లు మెరిసేదీ, వీపు మీద బొమ్మలున్నదీ మనకు నచ్చడానికి చేస్తారు.

ఇంకొక సంగతి, వానాకాలం మొదలైన తర్వాత నీళ్ల మీద ఒకేచోట చినుకులు పడుతున్నట్టు బుడబుడమంటూ ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తుంది. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా ఏది లాగినా కొట్టేస్తాయి, ఇంతకంటే తేలికైన వేట లేదు, అందుకే చెయ్యొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లల్ని ఒక్క పూటలో మిగతా చేపలు ఊడ్చేస్తాయి. మిరుగు (మృగశిర కార్తె) రోజు కొర్రమీను ధర చూసి ఏడ్చేది మనమే మళ్లీ.

చెంచా విషయానికొస్తే, ఇది పాతకాలపు సరుకు, అమెరికాలో 1852లోనే దీనికి పేటెంట్ తీసుకున్నారు. వంపు తిరిగిన రేకు, ఒక చివర దారం, ఇంకో చివర గాలం, అంతే. లాగుతుంటే దెబ్బ తిన్న పరక పిల్లలా మెలికలు తిరుగుతూ వెలుగు కొడుతుంది. వాలుగకు ఇదే నా ఎర. పదిహేను ఇరవై గ్రాములది, వెండి రంగుది. తూము ముందు లోతులో, వాగు వచ్చి కలిసేచోట, పొద్దు గూకుతున్నప్పుడు విసిరి అడుక్కి దిగేదాకా వదిలేసి, నాలుగు చుట్లు చుట్టి మళ్లీ వదలాలి. ఎక్కువసార్లు పడిపోతున్నప్పుడే పట్టుకుంటుంది, దారం ఉన్నట్టుండి వదులైతే అనుమానించాలి.

కొన్నవి శిఖంలో (చెరువు లోపలి భూమిలో) మునిగిన సర్కారు తుమ్మలకు ఒక్కొక్కటీ అర్పించుకున్నాక, ఇంట్లో స్టీలు టీ చెంచా కాడ రంపం బ్లేడుతో కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, వెల్డింగ్ షాపులో రెండు చివర్లా బెజ్జాలు వేయించి రింగులు తొడిగాను. కొన్నదానికంటే ఏమీ తక్కువ కాదు, నిజంగా. మూడు ముళ్ల గాలం బదులు ఒంటి గాలం పెడితే తుమ్మలకు పట్టుకోవడం కూడా బాగా తగ్గింది. అలా నాలుగు చేశాక అమ్మ ఒకరోజు స్టాండు ముందు నిలబడి, "ఇంట్ల చెంచాలన్ని ఏడికి వోతున్నయ్ రా?" అంది. నేను మాట్లాడలేదు. ఆ వారమే మానేరు దగ్గర నాలుగు కిలోల పైచిలుకు వాలుగ పడింది. పులుసులోకి చింతపండు నానేస్తూ, "ఇంక పెద్దది వడ్తదంటే గరిటె గూడ తీస్కపో" అంది.

వాలుగ నోట్లో వేలు పెట్టకండి. పళ్లు చిన్నవే గానీ వరసలు వరసలుగా గరగరలాడుతూ ఉంటాయి, సన్నటి దారం రాసుకుని తెగిపోతుంది. లూరుకు ముందు ఒక గజం మందపాటి తంగుసు ముక్క కట్టుకోవాలి, నేను నలభై పౌండ్లది కడుతున్నా. కప్పకు అయితే తంగుసు వద్దు, అల్లిన బ్రెయిడ్ దారమే కావాలి, తంగుసు సాగుతుంది, గడ్డిలోంచి కొర్రమీను తల పైకెత్తాలంటే సాగని దారం ఉండాలి.

స్పిన్నర్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కమ్మీ చుట్టూ తిరిగే చిన్న రేకు, మూడు నుంచి ఐదు గ్రాములు, అరవై డెబ్భై రూపాయలు. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు దగ్గర ఇసుకలో పళ్లెమంత గుండ్రటి గుంటలు కనిపిస్తాయి, తిలాపియా మగది తవ్వుకున్న గూళ్లు అవి. ఆ గుంట పక్కనుంచి స్పిన్నర్ మెల్లగా పోనిస్తే ఆకలి లేకపోయినా కోపంతో కొడుతుంది. పిల్లలకు గాలం నేర్పాలంటే దీనికంటే మంచిది లేదు, గంటలో ఏదో ఒకటి పడుతుంది. మట్టగిడసలు కూడా బాగా పడతాయి. ఒకటే తలనొప్పి, దారం మెలిపడుతుంది, స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న కొక్కెం) పెట్టకపోతే సాయంత్రానికి రీలులో పిచ్చుకగూడు తయారవుతుంది.

అటకెక్కినవాటి సంగతి కూడా చెప్పాలి. క్రాంక్‌బైట్లు, అంటే గట్టి ప్లాస్టిక్ చేపపిల్ల లూర్లు, చెడ్డవి కావు, డ్యామ్ దగ్గర తేట నీళ్లలో వాలుగ కొట్టింది కూడా, కానీ పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి మూడు ముళ్ల గాలాలు ఉండే వస్తువును నాచూ తుమ్మలూ నిండిన ఊరి చెరువులో విసరడమంటే ఐదొందల నోటు విసరడమే. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో కట్ట దగ్గర కాస్త లోతు పెరిగింది, అక్కడ కొంత నయం. రబ్బరు పురుగులు పట్టాయి గానీ మే నెలలో బండి డిక్కీలో డబ్బా మర్చిపోయాను, అన్నీ కరిగి రంగురంగుల హల్వా అయిపోయాయి. ఇక ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకు వచ్చిన ముప్ఫై పీసుల సెట్టు, దాని మీద నాకు ఇంకా కోపం పోలేదు. చూడ్డానికి బ్రహ్మాండం. రింగులు నాసిరకం, మంచి కొర్రమీను పట్టి రెండు గుంజులు గుంజేసరికి రింగు సాగి విచ్చుకుంది, చేప నోట్లో గాలంతో పోయింది. చేప పోయినందుకు కాదు, గాలంతో పోయినందుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సెట్లు కొనొద్దు.

అన్నట్టు చెరువు చాలా చోట్ల మత్స్యకార సంఘం కింద ఉంటుంది, ముందు వాళ్లను అడగండి, లూరుతో పట్టేవాణ్ణి చూసి వాళ్లు నవ్వుకుంటారే గానీ సాధారణంగా కాదనరు, పట్టిందాంట్లో ఒకటి ఇస్తే ఇంకా మంచిది. పాఖాల లాంటివి అభయారణ్యంలో ఉన్నాయి, అక్కడ గాలం బయటకే తీయొద్దు.

మళ్లీ ఏం కొంటావు అని అడిగితే, పోయిన నెల కొన్నదే చెప్తా: నల్ల కప్ప, పన్నెండు గ్రాములది. పాతది పోలేదు, ఒక కాలు ఊడింది, కడుపు మీద మూడుసార్లు ఫెవిక్విక్ పడింది, నల్లరంగు పోయి బూడిదరంగుకు వచ్చింది. మొన్న ఆదివారం రెండూ తీసుకుపోయాను. కొత్తదానికి రెండు గంటల్లో ఒక్క దాడి కూడా లేదు, విసుగొచ్చి కుంటిదాన్ని కట్టాను, మూడో విసురుకే ఢప్పుమంది. కొమురెల్లి మల్లన్నా అనుకోవడం మర్చిపోయాను, అది పోయింది.