అలిపిరి తనిఖీ కేంద్రం: మీ సంచి చూస్తారు, రోడ్డు సంగతి వేరే

తిరుమల కొండెక్కే ముందు అలిపిరిలో జరిగే తనిఖీకి అయిదు మార్కులకు మూడున్నర. సంచులు, బండ్లు చూసే పని వరకైతే నాలుగు ఇవ్వొచ్చు. శని, ఆదివారాల్లో తెల్లవారుజామున నిలబెట్టే క్యూకు మాత్రం రెండు దాటవు. అసలు ఆ గేటు ఎందుకుందని తిరుపతిలో ఎవర్నడిగినా వచ్చే జవాబు ఒకటే: "చంద్రబాబు మీద బాంబులు పేలాయి కదా, అప్పట్నించి!" అది సగమే నిజం. గేటును మెచ్చుకునేవాళ్లూ, తిట్టుకునేవాళ్లూ ఆ సగం దగ్గరే ఆగిపోతారు.

2003 అక్టోబరు 1. బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి. ప్రభుత్వం తరఫున స్వామికి పట్టువస్త్రాలు సమర్పించడానికి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కొండకు బయల్దేరారు. అలిపిరి దగ్గర, ఘాట్ రోడ్డు మొదట్లోనే పీపుల్స్‌వార్ నక్సలైట్లు పెట్టిన క్లేమోర్ మైన్లు (ఒక రకం మందుపాతరలు) పేలాయి. పెట్టినవన్నీ పేలలేదు. బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్ కాబట్టి ఆయన గాయాలతో బయటపడ్డారు. అదే కారులో ఉన్న మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి, తిరుపతి ఎమ్మెల్యే చదలవాడ కృష్ణమూర్తి కూడా గాయపడ్డారు. ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు.

ఇప్పుడు గేటు దగ్గరున్న స్కానరును తలుచుకోండి. ఆ రోజు పేలినవి ఏ భక్తుడి సూట్‌కేసులోనో, ఏ కారు డిక్కీలోనో పోతూ పేలలేదు. కాన్వాయ్ వచ్చే దారి పక్కన ముందే పెట్టి ఉంచినవి. వాటిని పట్టాలంటే బెల్టు మీద సంచులు జరిపితే కుదరదు. వీఐపీ రాకముందు రోడ్డుకు రెండు పక్కలా, కల్వర్టుల కింద, పొదల్లో కాలినడకన వెతకాలి. బాంబు స్క్వాడ్, జాగిలాలు కావాలి. వెతికిన దారిని కాన్వాయ్ పోయేదాకా ఖాళీగా వదలకూడదు. ఆ పని ఇప్పటికీ జరుగుతుంది, కాకపోతే అది మన కళ్లబడదు. కళ్లబడేది గేటే. అందుకే "ఇంత తనిఖీ చేస్తున్నారు, ఇంకేం కాదు" అన్న ధీమా గానీ, "మా సంచిలో ఏముందని ఈ గోల" అన్న విసుగు గానీ వచ్చి గేటు మీదే పడుతుంది.

గేటు చేసే పని వేరు. నిషేధం ఉన్న సరుకు కొండ మీదికి చేరకుండా చూడడం, ఆయుధాలూ మండే సామానూ గుడి దరిదాపులకు పోకుండా ఆపడం. ఆ కొలతతో చూస్తే పద్ధతి బాగానే ఉంది. టీటీడీ విజిలెన్స్ వాళ్లు, ఎస్పీఎఫ్ (రాష్ట్ర ప్రత్యేక రక్షణ దళం), పోలీసులు కలిసి చూసుకుంటారు. కారు లేన్లోకి రాగానే డ్రైవరు తప్ప అందరూ దిగాలి. "సామీ, సామాన్లు తీసుకుని దిగండి" అన్న మాట వినగానే దిగిపోతే పని తొందరగా తెములుతుంది. సంచులన్నీ ఎక్స్‌రే బెల్టు మీదికి. మగవాళ్లకూ ఆడవాళ్లకూ తనిఖీ విడివిడిగా ఉంటుంది. ఈలోపు డ్రైవరు డిక్కీ, బానెట్, డ్యాష్‌బోర్డు అర తెరిచి చూపిస్తాడు. అది అయ్యాక బండి ముందుకు పోయి ఆగుతుంది, మనుషులు అక్కడ ఎక్కుతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ లేని బండిని పైకి వదలడం లేదు. ట్యాగ్ లేకపోతే అలిపిరిలోనే ఇస్తారు గానీ, బ్యాలెన్స్ చూసుకోకుండా వచ్చి లేన్లో ఫోన్ నొక్కుతూ కూర్చుంటే వెనకాల హారన్లు మొదలవుతాయి.

ఆలస్యం ఎక్కడవుతుందంటే, ఎక్కువగా క్యారియర్ దగ్గర. కారు పైన తాడేసి కట్టిన మూటలన్నీ విప్పాల్సిందే. విప్పడం ఒక ఎత్తు, తెల్లవారుజామున చలిలో మళ్లీ కట్టడం ఇంకో ఎత్తు. దూరం నుంచి వచ్చేవాళ్లు కొండకు కావలసిన బట్టలు ఒకటి రెండు సంచుల్లో వేరుగా పెట్టుకుని, మిగతా మూటలు కింద బసలోనే వదిలితే సగం బాధ తప్పుతుంది. రెండోది డ్రైవరు డోరు అర. అద్దె బండ్లలో గుట్కా, ఖైనీ పొట్లాలు దొరికేది అక్కడే. బండి ఎక్కేముందే "అన్నా, డోర్లో ఏమైనా ఉందా?" అని ఒక మాట అడగండి. పొగాకు, మద్యం, మాంసం ఏ రూపంలో ఉన్నా వదలరు. దారిలో తిందామని తెచ్చుకున్న కోడికూర క్యారియర్ కూడా అందులోకే వస్తుంది. పార్టీ జెండాలు, వేరే మతానికి చెందిన ప్రచార సామగ్రి, డ్రోన్లు కూడా కుదరవు. బానెట్ మీద జెండా కర్ర కింద ఊళ్లో గొప్పగా ఉంటుందేమో, అలిపిరిలో పీకించేస్తారు.

వయసు మళ్లినవాళ్లను, చంటిపిల్లలను దింపడమే ఇందులో ఉన్న నిజమైన కష్టం. మందుల సంచి, నీళ్ల సీసా, ఫోను చేతిలో ఉంచుకోండి. ఫోను కారులో వదిలేస్తే, స్కానింగు అవతల బండి ఎక్కడాగిందో తెలియక ఇరవై తెల్ల ఇన్నోవాల మధ్య వెతుక్కోవాలి.

గేటు వెనకున్న కథ మళ్లీ ఎత్తాల్సి వస్తోంది, ఎందుకంటే దాడి తర్వాత జనం ఏమన్నారో అదే ఈ గేటుకు రూపమిచ్చింది. అప్పట్లో తిరుపతిలో మొదట వినిపించింది "వెంకన్న కాపాడాడు" అన్న మాట. చంద్రబాబు కూడా ఈనాటికీ అదే చెబుతారు. రెండోది భద్రతా లోపం మీద కోపం: అంత పెద్ద ఉత్సవం, అంత బందోబస్తు, మైన్లు ఎలా పెట్టగలిగారు? ఆ కోపానికి ఎదురుగా చూపించగలిగిన జవాబు తనిఖీ పెంచడమే. మూడోది, ఎందుకు చేశారన్న ప్రశ్న. దాని మీద మాత్రం చర్చ పెద్దగా సాగలేదు.

కారణాలు వెతికితే అలిపిరిలో దొరకవు. 1980లో కొండపల్లి సీతారామయ్య మొదలుపెట్టిన పీపుల్స్‌వార్‌కూ ప్రభుత్వానికీ మధ్య ఎన్‌కౌంటర్లు, ప్రతీకారాలు ఏళ్లతరబడి నడిచాయి. 1999 డిసెంబరులో ఆ పార్టీ కేంద్ర కమిటీ సభ్యులు ముగ్గురు పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. 2000 మార్చిలో మంత్రి మాధవరెడ్డిని మందుపాతరతో చంపారు. 2002లో శాంతి చర్చల ప్రయత్నం జరిగి విఫలమైంది. ప్రపంచబ్యాంకు సంస్కరణలకు చంద్రబాబు ముఖంగా కనిపించడం వాళ్ల దృష్టిలో ఇంకో కారణం. ఇవన్నీ చెప్పుకున్నంత మాత్రాన మైన్లు పెట్టడం సబబైపోదు. కారణం వేరు, సాకు వేరు. అప్పట్లో చాలామంది ఈ రెండూ కలిపేశారు. కారణం చెబితే దాడిని సమర్థించినట్టవుతుందన్న భయంతో కొందరు దాని ఊసే ఎత్తలేదు.

దాడితో సానుభూతి ఓట్లు పడతాయన్న లెక్క కూడా తప్పింది. శాసనసభ రద్దు చేసి ముందస్తు ఎన్నికలకు పోతే 2004లో తెలుగుదేశానికి 294లో 47 సీట్లు వచ్చాయి. దాడిని తప్పుపట్టిన జనమే కరువునూ కరెంటు బిల్లునూ విడిగా లెక్కేసుకున్నారు. ఆ అక్టోబరులోనే కొత్త ప్రభుత్వం మావోయిస్టులతో (పీపుల్స్‌వార్ అప్పటికే ఆ పార్టీలో కలిసిపోయింది) చర్చలకు కూర్చుంది. అవీ నిలవలేదు.

ఎక్కడ ఏ దాడి జరిగినా అలిపిరి క్యూ పొడవు పెరుగుతుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపినప్పుడూ తిరుమలలో అప్రమత్తత పెంచారు. అలాంటప్పుడు ఒక వారం ఎవరూ విసుక్కోరు. రెండో వారానికి "ఇంకెన్నాళ్లు" మొదలవుతుంది. ఈ తనిఖీలో మెచ్చుకోవలసింది అప్పుడే బాగా కనబడుతుంది: బెల్టు మీదికి అందరి సంచీ ఎక్కాల్సిందే. ఎవరి పేరేమిటి, ఏ ఊరు అన్నదాన్ని బట్టి కాదు. వాట్సాప్ గ్రూపుల్లో ఒక మతం మొత్తాన్ని అనుమానించే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. ఇక గేటు చూడలేనిది 2013 అక్టోబరులో పుత్తూరు చూపించింది. బ్రహ్మోత్సవాల వేళే అక్కడ ఒక అద్దె ఇంట్లో దాక్కున్న ఉగ్రవాద కేసుల నిందితులను పోలీసులు గంటల తరబడి చుట్టుముట్టి పట్టుకున్నారు. తమిళనాడు పోలీసుల సమాచారం, ఇల్లెక్కడో కనిపెట్టడం, అదంతా గేటుకు బయట జరిగిన పని.

నడిచి వెళ్లేవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. పాదాల మండపం దగ్గర సామాన్లు ఇచ్చి రసీదు తీసుకుంటే టీటీడీ ఉచితంగా పైకి చేరుస్తుంది. రసీదు పారేసుకోకండి. నడకదారిలో ఇప్పుడు జనం భయపడేది చిరుతకే. 2023లో ఒక పాప చనిపోయాక చిన్నపిల్లలను ఫలానా వేళ దాటాక మెట్లెక్కనివ్వడం లేదు.

ఆర్టీసీ బస్సులో పోయేవాళ్లు కూడా అలిపిరిలో సామాన్లతో దిగి, స్కానింగు అయ్యాక మళ్లీ ఎక్కాలి. సప్తగిరి బస్సులన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి. దిగేముందు నెంబరు ప్లేటులో చివరి నాలుగంకెలు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. గరుడసేవ రోజైతే ఘాట్ రోడ్డు మీద టూవీలర్లకు అనుమతి ఉండదు. స్కూటరు కింద పెట్టేసి నేరుగా బస్సెక్కడమే మేలు.