సైనస్ జలుబుకి ఆవిరా, ఉప్పునీళ్లా, ముక్కు చుక్కలా: ఏది మేలు?

చెప్పులు వేసుకుందామని వంగితే చాలు, నుదురూ బుగ్గలూ బరువెక్కి కళ్ల మధ్య గట్టిగా నొక్కినట్టు ఉంటుంది చూడండి, జలుబు సైనస్ దాకా పాకిందని నాకు అప్పుడే తెలిసిపోతుంది. అలాంటప్పుడు ఇంట్లో ఎక్కువగా చేసేవి మూడు: ఆవిరి పట్టడం, ఉప్పునీళ్లతో ముక్కు కడగడం, ముక్కులో చుక్కలు వేసుకోవడం. మూడూ చాలాసార్లు చేసి చూశాను. నా ఓటు ఉప్పునీళ్లకే.

సైనస్‌లంటే ముఖం ఎముకల్లో ఉండే గాలి గదులు, మొత్తం నాలుగు జతలు. అక్కడి చీమిడి ముక్కులోకి దిగే దారులు చాలా సన్నం. జలుబుకి ముక్కు లోపలి పొర వాచగానే ఆ దారులు మూసుకుపోతాయి, చీమిడి లోపలే నిలిచిపోతుంది, అందుకే ఆ బరువు. అంటే మనకి కావాల్సింది వాపు తగ్గడం, నిలిచిన చీమిడి బయటికి రావడం.

ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ కాసేపటికి ముక్కు మళ్లీ మొదటికొస్తుంది, జలుబు తెచ్చిన వైరస్ ఆ వేడికి చావదు. పైగా గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకునేవాళ్లు చాలామంది, అందులోనూ పిల్లలు. సలసలా కాగే నీళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చోవడం కంటే వేడినీళ్ల స్నానం చేస్తూ ఆ ఆవిరే పీల్చుకోవడం, బుగ్గల మీద గోరువెచ్చటి తడిగుడ్డ వేసుకోవడం నయం.

ఇక ఉప్పునీళ్లు. మొదటిసారి భయమేస్తుంది, నాకూ వేసింది. సింక్ మీదకి వంగి, తల ఒక పక్కకి తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకుంటూ, పై ముక్కురంధ్రంలోకి సీసాతో నీళ్లు నెమ్మదిగా పోస్తే కింది రంధ్రంలోంచి కారతాయి. ముందు తేట నీళ్లు, తర్వాత సాగుతూ పసుపుపచ్చటి తీగలాంటి చీమిడి. అది చూశాకే ఇన్నాళ్లూ లోపల ఎంత పేరుకుందో అర్థమైంది. తర్వాత ఒక్కో పక్క మెల్లగా చీదాలి, గట్టిగా చీదితే చెవులకి ఇబ్బంది.

నీళ్ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు, వాటిలో అరుదుగా ఉండే ఒక అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరితే ప్రాణాల మీదకి వస్తుంది. కనీసం ఒక నిమిషం తెర్లించి చల్లార్చిన నీళ్లో, డిస్టిల్డ్ వాటరో వాడండి. 240 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లకి అయోడిన్ లేని ఉప్పు పావు టీస్పూన్, చిటికెడు వంటసోడా వేస్తే సరిపోతుంది. ఉప్పు లేకుండా పోస్తే ముక్కు మండిపోతుంది. అయ్యాక సీసా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

చుక్కల సంగతి వేరు. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ లాంటివి రక్తనాళాల్ని ముడుచుకునేలా చేసి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, రాత్రి నిద్ర పట్టనప్పుడు ఇంత త్వరగా పనిచేసేది ఇంకోటి లేదు. కానీ మూడు రోజులు దాటిందా, మందు ప్రభావం తగ్గగానే దిబ్బడ ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తుంది. నేను రెండు వారాలు వాడి, జలుబు పోయాక కూడా చుక్కలు లేకుండా ఊపిరి ఆడని పరిస్థితి తెచ్చుకున్నాను, దాన్ని వదిలించుకోవడం జలుబు కంటే కష్టమైంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు, చిన్నపిల్లలకి సొంతంగా అసలే వేయొద్దు. నీళ్లు లోపలికే వెళ్లనంతగా ముక్కు మూసుకుపోయినప్పుడు ముందు చుక్కలు వేసుకుని, పది నిమిషాలు ఆగి కడుక్కుంటే రెండూ కలిసి బాగా పనిచేస్తాయి.

చీమిడి పచ్చగా ఉందని టెన్షన్ పడి పాత యాంటీబయాటిక్ మాత్రలు మింగకండి. వైరస్ జలుబులోనూ ఆ రంగు వస్తుంది, చాలావరకు పది రోజుల్లోపు దానంతట అదే సర్దుకుంటుంది. పది రోజులైనా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టినా డాక్టర్‌కి చూపించుకోవాలి. కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనిపించడం, మెడ బిగుసుకుపోవడం, భరించలేని తలనొప్పి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం పక్కన పెట్టి అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.